రిపేర్లకు ఐదు స్టార్లు, ర్యాంపు దగ్గర ఒక్కటి: మా ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కంపెనీతో మూడున్నరేళ్ళు

మాది తెనాలి. పదహారేళ్ళుగా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో, మా ఆయన డేటాబేసుల్లో. ఇక్కడ మనవాళ్ళు నలుగురు చేరితే బిర్యానీ ప్లేటు చేతిలోకి వచ్చేలోపు ఇళ్ళ మాట వచ్చేస్తుంది. అలా విని విని 2019లో లిటిల్ ఎల్మ్‌లో ఒక ఇల్లు, 2020 చివర్లో మెకిన్నీలో ఇంకో ఇల్లు కొని అద్దెకిచ్చాం. ఇద్దరం ఉద్యోగస్థులం, అర్ధరాత్రి టాయిలెట్ లీకు ఫోన్లు ఎత్తలేమని ఒక ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పజెప్పాం. 2020 మొదటి నుంచి 2023 సెప్టెంబర్ దాకా వాళ్ళతోనే ఉన్నాం. ఈ రివ్యూ వాళ్ళ గురించే. పేరు రాయడం లేదు. రాస్తే మీరు ఆ ఒక్క కంపెనీని వదిలేసి, సరిగ్గా ఇలాంటి ఇంకో కంపెనీ దగ్గరికే వెళ్తారు.

ముందు మంచి చెప్పేస్తాను. అద్దె 2,350 డాలర్లు, వాళ్ళకి నెలకి 8 శాతం, అంటే 188. కొత్త టెనెంట్‌ని తెస్తే సగం నెల అద్దె. మిగతా డబ్బు ప్రతి నెలా పదో తారీఖు లోపు అకౌంట్‌లో పడేది, ఒక్కసారీ తప్పలేదు. జూలైలో బయట 104 డిగ్రీలున్న రోజు ఏసీ ఆగిపోతే ఆ సాయంత్రానికే కెపాసిటర్ మార్చి, పాతదాని ఫొటో కూడా పంపారు. జనవరిలో ట్యాక్స్ కాగితాలు అడక్కుండానే వచ్చేవి. మా ఆయన ఎక్సెల్ షీటుకీ వాళ్ళ స్టేట్‌మెంటుకీ మూడున్నరేళ్ళలో తేడా వచ్చింది ఒకే ఒక్కసారి. అదీ మా ఆయన తప్పే. రిపేర్లకి ఐదు స్టార్లు, లెక్కలకి నాలుగున్నర ఇస్తాను, మనస్ఫూర్తిగా.

ఇక అసలు సంగతి.

2022 మార్చిలో లిటిల్ ఎల్మ్ ఇల్లు ఖాళీ అయింది. మూడు అప్లికేషన్లు వచ్చాయి. ఒకరోజు మీటింగ్‌లో ఉండగా కంపెనీ లీజింగ్ ఏజెంట్ దగ్గర్నుంచి ఈమెయిల్. సారాంశం ఇది: మొదటి అప్లికేషన్ ఒక జంటది, భార్య వీల్‌చైర్ వాడతారు. ముందు గుమ్మం దగ్గర మెట్టు ఉంది, బాత్రూమ్ తలుపు ఇరుకు, మీ ఫ్లోర్ కొత్తది, గీతలు పడే అవకాశం ఉంది. వాళ్ళకి ఇంకా సౌకర్యంగా ఉండే ఇల్లు వేరేచోట చూసుకోమని చెప్పాను. రెండో అప్లికేషన్ బాగుంది. దానితో ముందుకెళ్ళమంటారా?

దాచుకోను. నా మొదటి జవాబు కూడా ఏమంత గొప్పది కాదు. ఆ ఫ్లోర్‌కి ఆరు నెలల ముందే 6,200 డాలర్లు పోశాం. "అవును, ఫ్లోర్ ఈ మధ్యే వేయించాం" అని టైప్ చేశాను. పంపలేదు. పంపకపోవడానికి కారణం మంచితనం అనుకోకండి, మీటింగ్‌లో నా వంతు వచ్చింది, మాట్లాడాల్సి వచ్చింది. మాట్లాడి వచ్చి ఆ ఈమెయిల్ మళ్ళీ చదివాను. టెస్టర్‌ని కదా, ఏదైనా రాతలో కనిపిస్తే రేపు ఇది ఎవరి ముందుకు వెళ్తుందా అని ఆలోచించడం అలవాటు. ఒక మనిషిని వీల్‌చైర్ ఉందన్న కారణంతో వేరే ఇంటికి సాగనంపానని మా ఏజెంట్ మా పేరున, మా ఇంటి కోసం, తన చేత్తో రాసి నాకు పంపాడు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని చదివాను. ఇళ్ళు అమ్మడంలో, అద్దెకివ్వడంలో వివక్ష చూపకూడదనే ఫెయిర్ హౌసింగ్ చట్టం 1968 ఏప్రిల్‌లో వచ్చింది, మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి. మొదట అందులో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం ఉండేవి. తర్వాత ఆడ, మగ తేడా చూపకూడదని చేర్చారు. 1988 సవరణలో వైకల్యాన్నీ, పిల్లలున్న కుటుంబాలనీ చేర్చారు. ఇల్లు ఇవ్వననడం ఒక్కటే తప్పు కాదు, "మీకు ఇంకో ఇల్లయితే బాగుంటుంది" అని పక్కకి తోలడం కూడా ఇందులోకే వస్తుంది. ఎంత తియ్యగా చెప్పినా సరే. తనకి ఏ ఇల్లు సౌకర్యమో నిర్ణయించుకునేది ఆవిడ, లీజింగ్ ఏజెంట్ కాదు.

పొద్దున్నే ఫోన్ చేసి, అర్హత ఉన్న అప్లికేషన్లలో ముందొచ్చినదానికే ఇల్లు అని మీ కాగితం మీదే ఉంది కదా అన్నాను. టెక్సస్‌లో ఎంపికకి ఏం చూస్తారో అప్లికేషన్‌తో పాటే రాసి ఇవ్వాలి, వీళ్ళూ ఇస్తారు. అద్దెకి మూడు రెట్లు ఆదాయం, క్రెడిట్ స్కోరు, పాత ఇంటి ఓనరు మాట. ఈ జంటకి మూడూ ఉన్నాయి. అతను "మీ మంచికే చెప్పాను" అన్నాడు. అతని గొంతులో నిజంగా ఆ నమ్మకమే ఉంది. అందుకే ఇంకా భయం వేసింది.

ఇల్లు ఆ జంటకే ఇచ్చాం. వాళ్ళు ఏప్రిల్ ఒకటిన దిగారు. మూడో రోజున ర్యాంపు కోసం కంపెనీ ఆన్‌లైన్ పోర్టల్‌లో రిక్వెస్ట్ పెట్టారు. నాకు ఆ సంగతి తెలిసింది ఏప్రిల్ 22న. మధ్యలో పంతొమ్మిది రోజులు అది ఎవరి టేబుల్ మీద పడుకుందో ఈరోజుకీ తెలియదు. ఆ పంతొమ్మిది రోజులూ ఆవిడని ఆయన కుర్చీతో సహా వెనక్కి వాల్చి, మెట్టు మీదుగా దించుతూ ఎక్కిస్తూ ఉన్నారు. పక్కింటాయన సాయం పట్టేవారట.

ఇక్కడొక ముక్క మా ఇంటి సంగతి. తెనాలిలో మా నాయనమ్మకి తుంటి ఎముక విరిగాక చక్రాల కుర్చీ తెచ్చారు. మా పాత ఇంటి గడప టేకు చెక్కది, నాలుగంగుళాల ఎత్తు. కుర్చీ దాటదు. అందుకని ఆవిడ మంచం వరండా గదిలో వేశారు. చివరి రెండేళ్ళు ఆవిడ వంటింటి మొహం చూడలేదు. ఇంట్లో అందరం ఉన్నాం, పక్కవీధిలో వడ్రంగి ఉన్నాడు. ప్రతి పండక్కీ ఆ గడపకి పసుపు రాసి బొట్లు పెట్టాం గానీ అటొకటి ఇటొకటి ఏటవాలు చెక్క వేయించాలని ఒక్కరికీ తట్టలేదు. పంతొమ్మిది రోజులు అని చదివినప్పుడు నాకు ఆ గడపే గుర్తొచ్చింది.

సరే, కంపెనీవాళ్ళు ఆ రిక్వెస్ట్‌కి ఇచ్చిన జవాబు చూడండి. ర్యాంపు పెట్టుకోవచ్చు, కానీ 2,000 డాలర్ల అదనపు డిపాజిట్ కట్టాలి, ఇంకో ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోవాలి, మేం చెప్పిన కాంట్రాక్టర్‌తోనే చేయించాలి, ఖాళీ చేసేటప్పుడు ర్యాంపు తీసేసి ముందులాగే చేసి వెళ్ళాలి. కాదని అనలేదు, ఔనని చేయనివ్వలేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా.

2008లో హడ్, అంటే ఇక్కడి గృహనిర్మాణ శాఖ, న్యాయశాఖతో కలిసి ఒక పత్రం విడుదల చేసింది, అంతా ప్రశ్నలూ జవాబులుగా. ఇలాంటి మార్పుల గురించే. సాయంత్రం టీ తాగుతూ చదివేయొచ్చు. దాని ప్రకారం ఆ నాలుగు షరతులూ తప్పే. డిపాజిట్ పెంచకూడదు. అదనపు ఇన్సూరెన్స్ అడక్కూడదు. పని శుభ్రంగా చేయించాలి, పర్మిట్ కావాల్సినచోట తీసుకోవాలి అనొచ్చు గానీ ఫలానా కాంట్రాక్టరే అనకూడదు. ఇక తీసేయడం మాట: లోపలి మార్పులకి మాత్రమే, అదీ తర్వాత వచ్చేవాళ్ళకి అడ్డమయ్యేవాటికే, తిరిగి మునుపట్లా చేయమని అడగొచ్చు. ముందు గుమ్మానికి వేసిన ర్యాంపు బయటిది, దాన్ని తీసేసి వెళ్ళమనే హక్కు ఓనరుకి లేదు. లోపలి పనికైతే, అవసరమైన చోట, పునరుద్ధరణ ఖర్చుకి వడ్డీ వచ్చే అకౌంట్‌లో కొంత కొంత వేయమనొచ్చు. ఆ వడ్డీ కూడా టెనెంట్‌దే. జవాబివ్వకుండా అకారణంగా నానిస్తే కాదన్నట్టే లెక్క కట్టొచ్చు.

మనవాళ్ళు మొదట అడిగేది ఖర్చు ఎవరిదని. మాలాంటి ప్రైవేటు ఇళ్ళకి మార్పు ఖర్చు టెనెంట్‌దే. ఓనరు చేయాల్సింది ఒప్పుకోవడం. ఫెడరల్ ప్రభుత్వ నిధులు తీసుకునే హౌసింగ్ అయితే కథ వేరు, అక్కడ 1973 నాటి ఇంకో చట్టం ఉంది, ఖర్చు సాధారణంగా ఓనరు మీదికొస్తుంది. మా ఇంటి ర్యాంపు 2,340 డాలర్లు అయింది, మొత్తం వాళ్ళే పెట్టుకున్నారు. మాకు పైసా ఖర్చు లేని పనికి మా కంపెనీ పంతొమ్మిది రోజులూ నాలుగు షరతులూ పెట్టింది! 8 శాతం తీసుకుని.

ర్యాంపు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులో లెక్క తప్పితే ప్రమాదం. మా ఇంటి ముందు ఒకే మెట్టు, గడపతో కలిపి నేల నుంచి ఏడున్నర అంగుళాలు. కంపెనీ మెయింటెనెన్స్ అతను "ఆ మాత్రానికి ఇంత హడావుడి ఎందుకు, నాలుగడుగుల మడత ర్యాంపు 180 డాలర్లకి దొరుకుతుంది" అన్నాడు. ఏడున్నర అంగుళాల ఎత్తుకి నాలుగడుగుల ర్యాంపంటే పిల్లల పార్కులో జారుడుబల్ల. ఇక్కడ అందరూ పాటించే కొలత అంగుళానికి అడుగు. ఎత్తు ఒక అంగుళమైతే ర్యాంపు పొడవు ఒక అడుగు. తెలుగులో ఎంత చక్కగా కుదిరిందో చూడండి, అంగుళానికి అడుగు, ఇక మర్చిపోరు. మాకు ఏడున్నర అడుగులు కావాలి, వాళ్ళు ఎనిమిదడుగులది తెప్పించారు. 36 అంగుళాల వెడల్పు, రెండు పక్కలా పట్టుకునే రెయిలింగ్, అల్యూమినియం, ముక్కలుగా తెచ్చి బోల్టులతో బిగించే రకం. కాంక్రీటు లేదు, గొయ్యి లేదు. ఇద్దరు మనుషులు పొద్దున తొమ్మిదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్ళిపోయారు. పైన వరండా ఐదడుగుల లోతు ఉండటం మా అదృష్టం, కుర్చీ ఆపి తలుపు తీసుకోవడానికి చోటు దొరికింది. ఏటవాలు బాగుండి పైన నిలిచే జాగా లేకపోతే ఒక చేత్తో కుర్చీ పట్టుకుని రెండో చేత్తో తాళం తీయాలి, అది సర్కస్.

లోపాలూ ఉన్నాయి. ఎండకి మహా వేడెక్కుతుంది, జూలైలో రెయిలింగ్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఎవరైనా నడిస్తే కింద డొల్ల కాబట్టి తబలా మోత. జారకుండా అంటించిన గరుకు టేపు ఒక వేసవికే అంచులు లేచిపోయింది. ఆ ర్యాంపు వాడేది వాళ్ళొక్కరే కాబట్టి బాగోగులు వాళ్ళే చూసుకోవాలని ఆ పత్రంలో ఉంది, చూసుకున్నారు.

ఆ పని జరుగుతుండగా మరో తలనొప్పి, కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం, అంటే హెచ్‌ఓఏ. ఇంటి ముందు రూపురేఖలు మార్చాలంటే కమిటీ అనుమతి కావాలి, 30 రోజులు పడుతుంది, అల్యూమినియం మెరుపు మా నియమాలకి సరిపడదు అని ఉత్తరం. మా కంపెనీ దాన్ని ఒక్క వ్యాఖ్య కూడా లేకుండా నాకు ఫార్వార్డ్ చేసింది. ఇదే చట్టం హెచ్‌ఓఏకి కూడా వర్తిస్తుందని నేనే ఒక పేజీ ఉత్తరం రాశాను. మర్యాదగానే. ఎనిమిదో రోజు అనుమతి వచ్చింది. ఆ ఉత్తరం రాయాల్సింది నేనా, 188 డాలర్లు తీసుకునేవాళ్ళా?

బాత్రూమ్ తలుపు ఖర్చు మాత్రం మేమే పెట్టుకున్నాం, ఇది చట్టం అడగలేదు. అక్కడి తలుపు 28 అంగుళాలది, తెరిస్తే మిగిలే సందు 26. ఆవిడ కుర్చీ 25. వేళ్ళ కణుపులు చౌకట్టుకి ఒరుసుకుంటున్నాయని ఆయన చెప్పారు. గోడ పగలగొట్టాలేమో అని మా ఆయన అప్పుడే కాలిక్యులేటర్ తీశారు. అక్కర్లేదట. మామూలు బందుల స్థానంలో మెలిక తిరిగిన బందులు దొరుకుతాయి, వాటితో తలుపు పూర్తిగా పక్కకి తప్పుకుంటుంది, అంగుళంన్నర దాకా కలిసొస్తుంది. ఒక్కో బందు 25 డాలర్లు, మూడు బందులు. 75 డాలర్లతో తీరే బాధ. పట్టుకునే కమ్మీలు వాళ్ళే వేయించుకున్నారు, గోడ లోపల చెక్క దిమ్మలు పెట్టించి మరీ. ఖాళీ చేసేటప్పుడు కమ్మీలు తీయమనొచ్చు గానీ లోపలి దిమ్మలు తీయమనకూడదు. తీయమని నేనెందుకంటాను, మా అత్తగారు మా ఇంట్లో తువ్వాలు కడ్డీ పట్టుకుని లేవబోయి కడ్డీతో సహా కూర్చున్నారు ఒకసారి!

ఇక మెకిన్నీ ఇల్లు. అక్కడి టెనెంట్‌కి ఒక కుక్క. డాక్టర్ రాసిచ్చిన ఉత్తరం జతచేసి, ఇది పెంపుడు కుక్క కాదు, నా వైకల్యానికి అవసరమైన జంతువు అని అతను రాశాడు. కంపెనీ ఉత్తరం తీసుకుని ఫైల్లో పెట్టి, 300 డాలర్ల పెట్ ఫీజు, నెలకి 35 పెట్ రెంట్ వసూలు చేసింది. ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో కుక్క అని కొట్టగానే ఆ లైను దానంతటదే వచ్చేస్తుంది. ఐదు నెలల తర్వాత స్టేట్‌మెంట్‌లో చూసి ఆపించి, 475 డాలర్లు తిరిగి ఇప్పించాను. తర్వాత ఆ కుక్కే వెనక తలుపుని గీకి పెట్టింది. ఖాళీ చేసేటప్పుడు రంగుకి 140 డాలర్లు డిపాజిట్‌లోంచి తగ్గించాం, అది తప్పు కాదు. ఫీజు తీసుకోకూడదు గానీ జరిగిన నష్టం తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బులు కడితే వచ్చే ఐడీ కార్డులూ ఎర్ర జాకెట్లూ వేరే సంగతి, ఇక్కడ ప్రభుత్వ రిజిస్ట్రీ అంటూ ఏదీ లేదు కాబట్టి ఆ కార్డుకి విలువ లేదు. అలాగని ప్రతివాడినీ దొంగ అనుకుంటే నిజంగా అవసరమున్నవాడు దెబ్బతింటాడు.

నా వృత్తిరీత్యా నన్ను బాగా కుదిపింది మాత్రం వాళ్ళ పోర్టల్. ర్యాంపు గొడవ అప్పుడు టెనెంట్‌గారు తన స్క్రీన్ ఫొటో పంపారు. మార్పు కోసం రిక్వెస్ట్ పెట్టాలంటే నాలుగు గడులు. పేరు, ఇంటి చిరునామా, కావాల్సిన మార్పు, నాలుగోది "మీ వైకల్యం ఏమిటో వివరించండి". పక్కన ఎర్ర చుక్క. నింపకపోతే సబ్మిట్ బటన్ వెలగదు.

ఏ జబ్బు, ఎంత తీవ్రత అని ఓనరు అడక్కూడదు. అవసరం కళ్ళకి కనిపిస్తున్నప్పుడు అసలే అడక్కూడదు. కనిపించనప్పుడు, ఈ మార్పు అవసరమే అని తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి కాగితం అడగొచ్చు, అంతే. ఇది మన తెలుగువాళ్ళకి చాలా కష్టమైన నియమం, ఒప్పుకోవాలి. మనకి పలకరింపే అది. "అయ్యో, ఏమైందమ్మా, ఎప్పట్నుంచి, ఏ డాక్టరు, మా పిన్ని వాళ్ళ తోడికోడలికి కూడా ఇలాగే..." అడక్కపోతే పొగరనుకుంటాం. నేను ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాను. ఆవిడకి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ చేమంతులు బాగా పెంచుతారని తెలుసు.

ఆ నాలుగో గడి గురించి నేను వాళ్ళకి బగ్ రిపోర్టే రాసి పంపాను. తీవ్రత ఒకటి (అంటే అన్నిటికంటే ఎక్కువ), ఎలా బయటపడుతుంది, ఏమి జరగాలి, ఏమి జరుగుతోంది, స్క్రీన్‌షాట్. "మా సాఫ్ట్‌వేర్ వెండర్‌ని అడగాలి" అని జవాబొచ్చింది. ఆరు వారాలు పట్టింది, అదీ ఎర్ర చుక్క మాత్రమే తీశారు. గడి అలాగే ఉంది.

ఇది చదివి మన గ్రూపుల్లో తిరిగే రెండు మాటలు మీ మనసులోకి వచ్చే ఉంటాయి. ఒకటి, "మూడిళ్ళ లోపు ఉంటే ఈ చట్టం మనకి వర్తించదు". సగం నిజం. మూడుకి మించని సొంత ఇళ్ళున్న వ్యక్తి, బ్రోకరు గానీ ఏజెంటు గానీ లేకుండా తానే అద్దెకిచ్చుకుంటే ఫెడరల్ చట్టంలో చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. కంపెనీకి అప్పజెప్పిన రోజే అది పోయింది. పైగా ప్రకటనలకి ఆ మినహాయింపు ఎప్పుడూ లేదు. వాట్సాప్‌లో "ఇండియన్ ఫ్యామిలీ మాత్రమే", "పిల్లలు లేనివాళ్ళయితే మంచిది" అని పెడుతున్న అన్నలూ అక్కలూ, అది పుట్టిన దేశం, పిల్లలున్న కుటుంబం రెండింటి మీదా వివక్షే, ఒకే ఇల్లున్నా సరే. రెండోది, "తప్పు వాళ్ళది, మనకేంటి". 2003లో మేయర్ వర్సెస్ హోలీ కేసులో అమెరికా సుప్రీం కోర్టు తేల్చింది, ఏజెంటు తన పనిలో భాగంగా చేసిన వివక్షకి, అతన్ని ఎవరి తరఫున పెట్టారో వాళ్ళకీ మామూలు చట్టం ప్రకారం బాధ్యత ఉంటుందని. మా ఇళ్ళు మా ఇద్దరి పేర్ల మీదే ఉన్నాయి. అంటే అతని ఈమెయిల్ నా ఈమెయిలే. హడ్‌కి ఫిర్యాదు చేయడానికి ఏడాది, కోర్టుకి వెళ్ళడానికి రెండేళ్ళు గడువు, టెక్సస్‌లో రాష్ట్ర వర్క్‌ఫోర్స్ కమిషన్ కూడా ఈ ఫిర్యాదులు తీసుకుంటుంది. మొదటి తప్పుకే జరిమానా గరిష్ఠంగా 20 వేల డాలర్లు దాటొచ్చు, నష్టపరిహారం, లాయర్లు అదనం. మా టెనెంట్లు ఫిర్యాదు చేయలేదు. చేస్తే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

నేను కంపెనీ మేనేజర్‌తో చివరిగా మాట్లాడినప్పుడు, మీ స్టాఫ్‌కి దీని మీద ట్రైనింగ్ ఎప్పుడిచ్చారు అని అడిగాను. "మాకు లైసెన్సుంది కదా" అన్నారు. డ్రైవింగ్ లైసెన్సు ఉంది కదా, సిగ్నల్ దగ్గర ఎందుకు ఆగాలి అన్నట్టుంది.

2023 అక్టోబర్ నుంచి ఇంకొకళ్ళ దగ్గరున్నాం. చిన్నది, ఒక ఆంటీ, ఆవిడ కొడుకు, ఒక అకౌంటెంట్. 9 శాతం. రిపేర్లకి పాతవాళ్ళంత చురుకు కాదు, గరాజ్ తలుపు స్ప్రింగుకి నాలుగు రోజులు పట్టింది. కానీ ఇంటర్వ్యూలో నేను అడిగింది ఒకటే: "టెనెంట్ తన వైకల్యం వల్ల ఫలానా మార్పు కావాలని అడిగితే మొదటి రోజు ఏం చేస్తారు?" పాతవాళ్ళ తర్వాత నేను కలిసిన ముగ్గురిలో ఇద్దరు "మీకు ఫార్వార్డ్ చేస్తాం" అన్నారు. ఈవిడ మాత్రం "అందిందని ఆరోజే రాసిస్తాను, మీకు ఫోన్ చేసి ఏది అడగొచ్చో ఏది అడక్కూడదో చెప్తాను, ఫోన్‌లో అడిగినా రిక్వెస్టే కాబట్టి ఫారం నింపలేదని ఆపను, మీరు కాదంటే ఎందుకు కాదంటున్నారో రాతలో అడుగుతాను" అంది. ఆ చివరి ముక్కకే ఆ ఒక్క శాతం ఎక్కువ ఇస్తున్నాను. మా ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నారు, నెలకి 23 డాలర్లన్నర అని.

మొన్న వేసవిలో ఆ జంట హ్యూస్టన్ వెళ్ళిపోయారు, కూతురి దగ్గరికి. ర్యాంపు వాళ్ళదే, తీసుకెళ్ళొచ్చు. అక్కడ ఇంటికి మెట్టే లేదట, 600 డాలర్లకి మాకే ఇచ్చేశారు. కొత్త ప్రకటనలో "ముందు గుమ్మానికి ర్యాంపు ఉంది" అని ఒక లైను రాయించాం. ర్యాంపు ఉన్న ఇల్లు ఎవరూ తీసుకోరని పాత ఏజెంటు అప్పట్లో భయపెట్టాడు. పదకొండు రోజుల్లో పోయింది. దిగినవాళ్ళకి కవల పిల్లలు, పక్కపక్క సీట్ల స్ట్రోలర్. టేపు మాత్రం నేనే కొత్తది అంటించి వచ్చాను, ఈసారి కాస్త మందం రకం.

మొత్తం మీద పాత కంపెనీకి రెండు స్టార్లు. 104 డిగ్రీల ఎండలో ఏసీ బాగు చేసినవాళ్ళని ఒకటితో వదిలేయడం అన్యాయం. ఈ రివ్యూ రాయబోయే ముందు, న్యాయంగా ఉండాలని, వాళ్ళ పోర్టల్‌లో ఫారం ఎలా ఉందో మళ్ళీ తెరిచి చూశాను. అది ఎవరైనా చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. నాలుగో గడి తీసేశారు. మూడే గడులు. కాకపోతే కావాల్సిన మార్పు రాసే గడికి యాభై అక్షరాల పరిమితి పెట్టారు, "ముందు గుమ్మం దగ్గర" అని రాసి ఎత్తు, కొలతలు చెప్పబోతే అక్కడితో ఆగిపోతోంది. ఇంకో బగ్ ఫైల్ చేశాను. ఈసారి తీవ్రత మూడు.